పాఠశాల పిల్లలకు టీబీ చర్మపరీక్షలు: బెంగళూరు తెలుగు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల ముంజేతికి మాంటూ పరీక్ష (చర్మంలోకి ట్యూబర్కులిన్ అనే ద్రవాన్ని కొద్దిగా ఎక్కించి, ఆ చోట చర్మం ఎంత గట్టిపడిందో కొలిచే టీబీ పరీక్ష) వేసి, మూడో రోజున దాన్ని చదివే పనిని నేను బెంగళూరులో చాలా ఏళ్లుగా చేస్తున్నాను. మారతహళ్లి, కె.ఆర్. పురం వైపు భవన నిర్మాణ పనులకు వచ్చిన అనంతపురం, పాలమూరు కుటుంబాలవారూ, ఐటీ ఉద్యోగాలకు వచ్చిన కోస్తా జిల్లాలవారూ నన్ను అడిగే సందేహాలు దాదాపు ఒక్కటే. వాటిని తెలుగులో ఒకచోట చేర్చి పెడితే, బిడ్డ చెయ్యి పట్టుకుని ఆందోళనతో కూర్చున్న తల్లికి ఆ క్షణంలో కావలసిన జవాబు దొరుకుతుందన్న ఆశతో ఇది రాశాను. ప్రతి జవాబూ విడిగా చదివినా అర్థమవుతుంది.

## పరీక్షకు ముందు

ఈ పరీక్ష చేస్తే మా బాబుకు టీబీ ఉందో లేదో తేలిపోతుందా?

తేలదు. టీబీ క్రిమి ఎప్పుడైనా శరీరంలోకి ప్రవేశించిందా, దాన్ని శరీరం గుర్తుపట్టిందా అన్నది మాత్రమే చర్మపరీక్ష చెబుతుంది. క్రిమి లోపల ఉండడం వేరు, జబ్బుగా మారడం వేరు. క్రిమి సోకినవారిలో ఎక్కువమందికి జీవితాంతం జబ్బు రాదు. అయితే పిల్లల విషయంలో వయసును బట్టి ప్రమాదం మారుతుంది. ఏడాది లోపు పసివాళ్లలో అది చాలా ఎక్కువగా ఉంటుంది, అయిదు నుంచి పదేళ్ల మధ్య బాగా తగ్గుతుంది, యుక్తవయసులో మళ్లీ పెరుగుతుంది. ఒకే ఫలితానికి అన్నకు ఒక సలహా, చెల్లికి మరొక సలహా వైద్యులు ఇవ్వడానికి కారణం ఇదే.

ఇన్ని రకాల చర్మపరీక్షలు ఉన్నాయంటున్నారు. మా పిల్లలకు మాంటూయే ఎందుకు వేస్తున్నారు?

మన ల్యాబు రిపోర్టులలో మాంటూక్స్ అని రాసేది దీన్నే. జవాబు కొంచెం పొడవైనదే అయినా, పద్ధతుల మధ్య తేడా అంతా ఇక్కడే ఉంది కాబట్టి వివరంగా చెబుతాను.

టీబీ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కాఖ్ 1890లో, ఆ క్రిముల నుంచి తీసిన ట్యూబర్కులిన్‌ను టీబీకి మందుగా ప్రకటించారు. మందుగా అది పనిచేయలేదు గానీ, క్రిమి సోకినవారి శరీరం దానికి స్పందిస్తుందన్న సంగతి పరీక్షకు దారి తీసింది. 1907లో వియన్నాలో పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే చర్మంపై చిన్న గీత గీసి, దాని మీద ట్యూబర్కులిన్ చుక్క వేశారు. 1908లో ఎర్న్‌స్ట్ మోరో సూదే లేకుండా ట్యూబర్కులిన్ లేపనాన్ని చర్మానికి రుద్దే పద్ధతిని తెచ్చారు. 1930లలో వాల్మర్ పట్టీ వచ్చింది. ట్యూబర్కులిన్‌లో తడిపి ఆరబెట్టిన గుడ్డముక్కలను ప్లాస్టరుతో అతికించి, 48 గంటల తర్వాత తీసేసి, మరో 48 గంటలు ఆగి చూసేవారు. పిల్లలు ఏడవరు కాబట్టి పాఠశాలల్లో ఇది అందరికీ నచ్చింది. 1951లో ఫ్రెడరిక్ హీఫ్ ఆరు సూదులు ఒక్కసారిగా దిగే పరికరాన్ని, 1961లో రోసెంతాల్ నాలుగు ముళ్ల టైన్ బిళ్లను తెచ్చారు.

వీటన్నిటికీ ఉన్న లోపం ఒక్కటే: చర్మంలోకి ఎంత ట్యూబర్కులిన్ మందు వెళ్లిందో ఎవరూ చెప్పలేరు. గీత లోతు, లేపనం ఇంకిన తీరు, చెమట, ముళ్లను నొక్కిన బలం, ఇవన్నీ ఫలితాన్ని మార్చేస్తాయి. ఫ్రెంచి వైద్యుడు షార్ల్ మాంటూ 1908లో ప్రకటించిన పద్ధతిలో మాత్రం కొలిచిన మందు, కచ్చితంగా 0.1 మి.లీ., చర్మపు పొరల మధ్యకే వెళ్తుంది. లోపలికి వెళ్లిన మందు కొలత తెలుసు, బయటికి వచ్చిన స్పందన కూడా మిల్లీమీటర్లలో కొలతకు వస్తుంది. ఈ రెండూ ఉన్నాయి కనుకనే బెంగళూరులో వచ్చిన అంకెను మదనపల్లెలో వచ్చిన అంకెతో పోల్చి చూడగలుగుతున్నాం. వేయడం, చదవడం రెండింటికీ అభ్యాసం కావాలన్నది దీని బలహీనత. వేయి మంది పిల్లలను ఒక్క రోజులో చూడవలసి వచ్చినప్పుడు టైన్, హీఫ్ పద్ధతులు నిజంగానే చేతికి తేలిక. అయినా టైన్ పరీక్షలో అనుమానం వచ్చిన ప్రతి బిడ్డకూ మళ్లీ మాంటూ వేసి ఖాయం చేసుకోవలసిందే కాబట్టి, ఆదా అయిన సమయం అక్కడ ఖర్చయిపోతుంది.

ఇంగ్లండులో చదువుకున్న మా మరిది చేతిపై ఆరు చుక్కలు గుండ్రంగా పడ్డాయట. అది కూడా ఇదేనా?

అది హీఫ్ పరీక్ష. అక్కడి పాఠశాలల్లో బీసీజీ టీకా వేసే ముందు పిల్లలకు దీన్ని చేసేవారు. అరవై ఏళ్ల కిందట అయినా, ఇరవై అయిదేళ్ల కిందట అయినా పద్ధతి అదే. సుమారు వారం తర్వాత చూసి, 0 నుంచి 4 వరకు శ్రేణి ఇచ్చేవారు. చుక్కలు విడివిడిగా ఉబ్బితే 1, కలిసిపోయి ఉంగరంలా అయితే 2, మధ్యభాగం కూడా పూడి బిళ్లలా అయితే 3 లేదా 4. బ్రిటన్‌లో 2005లో ఈ పరీక్షా ఆగింది, పాఠశాలల బీసీజీ కార్యక్రమమూ ఆగింది. మీ మరిది దగ్గర పాత కార్డు ఉండి అందులో 2 అని కనిపిస్తే, దాన్ని 2 మి.మీ. అని చదవకండి. అది శ్రేణి మాత్రమే. ఈ పొరపాటును నేను కళ్లారా చూశాను.

పుట్టగానే బీసీజీ వేయించాం. ఇంక ఈ పరీక్షకు అర్థం ఏముంది?

అర్థం ఉంది. బీసీజీ వల్ల కూడా చర్మపరీక్ష ఉబ్బవచ్చన్నది నిజమే, ఎందుకంటే మామూలు ట్యూబర్కులిన్‌లో ఉండే మాంసకృత్తులలో చాలావాటికి బీసీజీ క్రిమితో పోలిక ఉంటుంది. కానీ శైశవంలో వేసిన టీకా ప్రభావం ఏళ్లు గడిచేకొద్దీ కరిగిపోతుంది. టీకా వేసి పదేళ్లు దాటినవారిలో కేవలం దాని కారణంగా పరీక్ష పాజిటివ్ అయ్యేది సుమారు 1 శాతమే. అందువల్ల ఆరో తరగతి పిల్లవాడి చేతిపై 14 మి.మీ. గట్టిదనం కనిపిస్తే, "టీకా వల్లే లెండి" అని కొట్టిపారేయడం ప్రమాదకరం. బడి వయసులో రెండోసారి బీసీజీ వేయించుకున్న పిల్లల విషయం వేరు. వారిలో ప్రభావం ఎక్కువ కాలం నిలుస్తుంది కాబట్టి ఆ సంగతి తప్పక చెప్పండి.

సూది బదులు రక్తపరీక్ష చేయించుకోవచ్చు కదా?

ఏ రక్తపరీక్ష అన్నది ముందు తేల్చుకోవాలి. ఇగ్రా అనే పరీక్ష టీబీ క్రిమికే ప్రత్యేకమైన మాంసకృత్తులకు రక్తకణాలు స్పందిస్తున్నాయా అని చూస్తుంది. బీసీజీ దాన్ని తికమక పెట్టదు, రెండోసారి రావలసిన పనీ లేదు. ఖర్చు ఎక్కువ, మంచి ల్యాబు అవసరం, పసిపిల్లల్లో ఫలితం ఎటూ తేలకుండా రావడమూ ఉంది. కానీ టీబీ ఐజీజీ, ఐజీఎం అంటూ యాంటీబాడీలను చూసే రక్తపరీక్ష వేరు. టీబీ నిర్ధారణకు వాటిని భారత ప్రభుత్వం 2012లోనే నిషేధించింది. ఎవరైనా ఆ పేరు చెప్పి డబ్బు అడిగితే ఇవ్వకండి.

సీవై-టీబీ అని కొత్త చర్మపరీక్ష వచ్చిందట. అది మేలా?

వేసే తీరు, చదివే తీరు మాంటూ లాగానే ఉంటాయి, లోపలి మందు వేరు. టీబీ క్రిమిలో ఉండి బీసీజీలో లేని ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 అనే రెండు మాంసకృత్తులను మాత్రమే ఇందులో వాడతారు. అందుకే టీకా వేసుకున్నా, వేసుకోకపోయినా 5 మి.మీ. ఒకే గీటురాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఈ కోవ పరీక్షలను సిఫారసు చేసింది, మన దేశంలోనూ ఆ ఏడాదే అనుమతి వచ్చింది. మన దగ్గర ఆ అనుమతి మొదట 18 ఏళ్లు నిండినవారికే ఇచ్చారు కనుక, బడి పిల్లల శిబిరంలో ఎవరైనా ఈ పేరు చెబితే పిల్లల వయసుకు అనుమతి ఉందా అని అడిగి తెలుసుకోండి. పద్ధతిగా చూస్తే, మాంటూ కొలతలోని కచ్చితత్వాన్ని, ఇగ్రాలోని ప్రత్యేకతను ఒకే సూదిలో కలిపిన పరీక్ష ఇది. మన పిల్లలకు ఇది అందాలని నేను మనసారా కోరుకుంటున్నాను.

పోయిన వారమే ఎంఎంఆర్ టీకా వేయించాం. ఇప్పుడు వేయించవచ్చా?

నాలుగు నుంచి ఆరు వారాలు ఆగండి. తట్టు వంటి బతికున్న క్రిముల టీకా గానీ, తట్టు జబ్బు గానీ చర్మస్పందనను కొంతకాలం అణచివేస్తాయి. టీకా, పరీక్ష ఒకే రోజున చేస్తే ఇబ్బంది లేదు.

## పరీక్ష రోజున

సరిగ్గా వేశారో లేదో మాకు ఎలా తెలుస్తుంది?

ముంజేతి లోపలివైపు, రక్తనాళాలకు దూరంగా, సన్నటి సూదిని దాదాపు చర్మానికి ఆనించినట్టుగా పట్టుకుని, సూది మొన రంధ్రం పైకి ఉండేలా దింపుతారు. మందు ఎక్కగానే నారింజ తొక్క లాంటి చిన్న చిన్న గుంటలతో పాలిపోయిన బుడగ ఒకటి లేస్తుంది. అది 6 నుంచి 10 మి.మీ. ఉండాలి. బుడగ లేవకపోతే మందు చర్మం కిందికి దిగిపోయిందని, చేతిపై తడి కనిపిస్తే మందు బయటికి కారిందని అర్థం. అలా జరిగితే కాస్త దూరంగా గానీ, రెండో చేతికి గానీ అప్పుడే మళ్లీ వేయాలి. బుడగ కొద్దిసేపట్లో అణిగిపోతుంది, భయం లేదు. నొక్కకండి, ప్లాస్టరు వేయకండి.

ఒక ల్యాబులో 5 టీయూ, ఇంకో ల్యాబులో 10 టీయూ అని రాశారు. ఏది సరైనది?

టీయూ అంటే ట్యూబర్కులిన్ యూనిట్. మాంటూ రిపోర్టులో మిల్లీమీటర్ల పక్కన మందు రకం, బలం రాసి ఉండకపోతే ఆ అంకెకు విలువ సగం పోయినట్టే. ఫ్లోరెన్స్ సైబర్ట్ శుద్ధి చేసిన పీపీడీ-ఎస్ అనే ట్యూబర్కులిన్ 1952లో అంతర్జాతీయ ప్రమాణం అయింది. డెన్మార్క్‌లో 1958లో తయారైన ఆర్‌టీ-23 అనే ట్యూబర్కులిన్ మన దేశంలో వాడుకలో ఉంది. ఆర్‌టీ-23 మందు 2 టీయూ, పీపీడీ-ఎస్ మందు 5 టీయూతో సమానమని లెక్క. మన జాతీయ టీబీ కార్యక్రమం పిల్లలకు చెప్పేది ఆర్‌టీ-23, 2 టీయూ. పాజిటివ్ అనడానికి పెట్టుకున్న 10 మి.మీ. హద్దు కూడా ఆ బలానికి సరిపడేదే. 10 టీయూ వేసి అదే హద్దుతో చదివితే, మట్టిలో, నీటిలో ఉండే ఇతర మైకోబాక్టీరియాల పరిచయం వల్ల కూడా చెయ్యి ఉబ్బి, టీబీ సోకని పిల్లవాడు పాజిటివ్‌గా తేలవచ్చు. దక్షిణాదిలో ఆ క్రిములతో పరిచయం ఎక్కువ. ఒక ప్రైవేటు ల్యాబు 10 టీయూతో ఇచ్చిన 11 మి.మీ. రిపోర్టు పట్టుకుని ఏడుస్తూ వచ్చిన తల్లిని నేను ఎన్నటికీ మరచిపోలేను. వేయించే ముందే "ఎన్ని టీయూ?" అని అడిగే హక్కు మీకుంది.

స్నానం చేయించవచ్చా? దురద పెడితే ఏం రాయాలి?

స్నానం చేయించవచ్చు, ఆ చోట రుద్దకూడదు. దురద పెడితే చల్లటి తడి గుడ్డ ఉంచండి. పసుపు, సున్నం, కొబ్బరినూనె, ఏ పూతా వద్దు. పసుపు పూసిన చేతిపై గట్టిదనం అంచు వెతకడం చాలా కష్టం.

## చదివే రోజున

శుక్రవారం వేస్తే సోమవారం వస్తే సరిపోతుందా?

శుక్రవారం సాయంత్రం వేసినది సోమవారం ఉదయానికి 72 గంటల లోపే ఉంటుంది గానీ, పిల్లవాడు బడికి వెళ్లి, మీరు పనికి వెళ్లి సాయంత్రం వస్తే గడువు దాటిపోతుంది. చదవవలసింది 48 నుంచి 72 గంటల మధ్య. అందుకే నేను వీలైనంతవరకు సోమ, మంగళవారాల్లోనే వేస్తాను. ఆలస్యంగా వచ్చినప్పుడు చేతిపై ఏమీ లేకపోతే దాన్ని నెగెటివ్ అని రాయకూడదు, రెండో చేతికి మళ్లీ వేయాలి. పాఠశాల శిబిరాలలో అన్నిటికంటే ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది. సూది వేసిన రోజున బడి నిండుగా ఉంటుంది, చదివే రోజున సెలవో, ఊరి పండుగో వస్తుంది. కూలి పనికి వెళ్లే తల్లిదండ్రులకు రెండో రోజు కూలి పోగొట్టుకోవడం చిన్న విషయం కాదు. అందుచేత రెండో రోజున కూడా బృందమే బడికి వెళ్లాలి తప్ప, పిల్లలను ఆసుపత్రికి రమ్మనడం సరికాదని నా గట్టి అభిప్రాయం.

చెయ్యి రూపాయి బిళ్లంత ఎర్రబడింది. మీరేమో 4 మి.మీ. అంటున్నారు. ఎలా?

ఎర్రదనం లెక్కలోకి రాదు, చర్మంలో చేతికి తగిలే గట్టిదనమే లెక్క. వెలుతురు బాగా ఉన్నచోట మోచేతిని కొద్దిగా వంచి, వేలికొనతో తడుముతూ అంచు ఎక్కడుందో చూస్తాను. తర్వాత బాల్‌పెన్ను ఎర్రదనానికి బయట ఆనించి, మెల్లగా లోపలికి గీస్తూ వస్తాను. మెత్తటి చర్మంపై సాఫీగా నడిచిన పెన్ను, గట్టిదనం అంచు తగలగానే గట్టు తగిలిన బండిచక్రంలా ఆగుతుంది. అక్కడ పెన్ను ఎత్తేసి, ఎదుటివైపు నుంచి మళ్లీ అలాగే గీస్తాను. రెండు గీతల కొసల మధ్య దూరాన్ని చేతి పొడవుకు అడ్డంగా, పారదర్శకమైన స్కేలుతో కొలిచి మిల్లీమీటర్లలో రాస్తాను. గట్టిదనం లేకపోతే "నెగెటివ్" అని కాకుండా "0 మి.మీ." అని రాయాలి. మీకు మీరుగా తెలుసుకోవాలంటే కళ్లు మూసుకుని వేలితో తడిమి చూడండి. ఎర్రదనం కనిపించదు, గట్టిదనం ఉంటే తప్పక తగులుతుంది.

ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే చదవరా?

చదవలేను. ఫోటోలో రంగు కనిపిస్తుంది, గట్టిదనం కనిపించదు.

ఇద్దరు చదివితే రెండు అంకెలు వచ్చాయి. ఎవరిని నమ్మాలి?

ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా అనుభవజ్ఞుల మధ్య కూడా వస్తుంది. 13, 14లలో ఏది అయినా పిల్లవాడికి జరిగేది మారదు. 9, 10ల మధ్య మాత్రం మారుతుంది. మనిషి కంటికి 10, 15 వంటి గుండ్రటి అంకెల మీద మక్కువ ఉంటుంది. తెలియకుండానే 9ని 10గా, 14ని 15గా రాసేస్తాం. మూడు వందల మంది పిల్లల పట్టికలో 10 అనే అంకె దగ్గర గుట్టలా పోగుపడి, 9, 11 దగ్గర ఎవరూ లేకపోతే, అది పిల్లల చేతుల గురించి కాదు, చదివినవారి చేతుల గురించి చెబుతున్నట్టు. హద్దు దగ్గర తేడా వస్తే మూడో వ్యక్తి, ముందు అంకెలు చూడకుండా, చదవాలి.

## ఫలితం వచ్చిన తర్వాత

మా అమ్మాయికి 12 మి.మీ. వచ్చింది. రేపటి నుంచే ఆరు నెలల మందులా?

కాదు, ముందు జబ్బు ఉందో లేదో చూడాలి. రెండు వారాలు దాటిన దగ్గు, జ్వరం, బరువు తగ్గడం లేదా పెరగకపోవడం, మెడలో బిళ్లలు ఉన్నాయా అని వైద్యులు అడుగుతారు, ఎక్స్‌రే తీస్తారు. అనుమానం ఉంటే తెమడనో, చిన్నపిల్లలైతే పరగడుపున కడుపులో నుంచి తీసిన ద్రవాన్నో సీబీనాట్ లేదా ట్రూనాట్ యంత్రంలో పరీక్షిస్తారు. జబ్బు లేదని తేలి, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉన్నట్లయితే నివారణ మందులు ఇస్తారు. ఆరు నెలలు రోజూ ఐసోనియజిడ్ ఒక పద్ధతి, వారానికొకసారి చొప్పున 12 వారాలు ఐసోనియజిడ్, రిఫాపెంటిన్ కలిపి ఇచ్చేది మరొక పద్ధతి. ప్రభుత్వ కేంద్రాలలో ఇవి ఉచితం. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 1800-11-6666 అనే ఉచిత నంబరుకు ఫోన్ చేయండి.

మా ఇంట్లో తాతగారికి టీబీ. బాబుకు మాత్రం 0 మి.మీ. వచ్చింది. నిశ్చింతగా ఉండవచ్చా?

ఉండకూడదు. క్రిమి సోకిన తర్వాత చర్మం స్పందించడానికి రెండు నుంచి ఎనిమిది వారాలు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. తీవ్ర పోషకాహార లోపం, హెచ్‌ఐవీ, స్టెరాయిడ్ మందులు, ఈమధ్యే వచ్చిన తట్టు, ఒంటినిండా వ్యాపించిన టీబీ కూడా స్పందనను అణచివేస్తాయి. హెచ్‌ఐవీ ఉన్న పిల్లల్లో హద్దు 5 మి.మీ. మాత్రమే కావడానికి కారణం అదే. బాబు అయిదేళ్ల లోపువాడైతే, జబ్బు లేదని తేల్చుకున్న వెంటనే చర్మపరీక్షతో నిమిత్తం లేకుండానే నివారణ మందులు మొదలుపెడతారు. పెద్దవాడైతే ఎనిమిది వారాల తర్వాత మళ్లీ పరీక్షించమని అడగండి.

పాజిటివ్ అని తెలిస్తే బడికి రానివ్వరా?

రానివ్వకపోవడానికి ఏ కారణమూ లేదు. క్రిమి లోపల నిద్రలో ఉన్న పిల్లవాడి నుంచి ఎవరికీ సోకదు. ఉపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే: ఫలితాల పట్టికను తరగతి గది గోడకు అంటించకండి, పేర్లు పైకి చదవకండి.

నిర్ధారణ కోసం ఇంకోసారి వేయించమంటారా?

సరైన మందుతో సరిగ్గా చదివిన పాజిటివ్ ఫలితం వచ్చాక మళ్లీ వేయించడం వల్ల ప్రయోజనం లేదు. చెయ్యి బొబ్బలెక్కి పుండు పడినవారికి ఇంకెప్పుడూ వేయకూడదు. కార్డును భద్రంగా దాచుకోండి.

## పద్ధతులను పోల్చాలనుకునే ఉపాధ్యాయులు, విద్యార్థుల కోసం

జబ్బు లేని పిల్లలకు సర్వేలు ఎందుకు చేస్తారు?

చిన్నపిల్లవాడికి క్రిమి సోకిందంటే అది ఈమధ్య కాలంలోనే సోకింది, కాబట్టి పిల్లల చేతులు ఊరిలో టీబీ ఎంతగా వ్యాపిస్తోందో చెబుతాయి. ఈ లెక్కను మన దేశానికి కట్టిచ్చినది మన బెంగళూరులోని జాతీయ క్షయ సంస్థే. బళ్లారి రోడ్డులోని అవలాన్ భవనంలో 1959లో మొదలైన ఆ సంస్థ ఆధ్వర్యంలో 2000-2003 మధ్య 1 నుంచి 9 ఏళ్ల పిల్లలపై దేశవ్యాప్త చర్మపరీక్షల సర్వే జరిగింది. ఏటా కొత్తగా క్రిమి సోకే ప్రమాదం 1.5 శాతమని తేలింది. 2009-10లో మళ్లీ చేసినప్పుడు అది 1.0 శాతం. మన తెలుగు నేలకూ ఈ చరిత్రలో చోటుంది. 1948లో దేశంలో బీసీజీ టీకా ప్రయోగాత్మకంగా మొదలైనది మదనపల్లెలో, ఆరోగ్యవరం శానటోరియం ఉన్న ఊరిలోనే.

రెండు పద్ధతులను పోల్చడానికి సగం మందికి ఒకటి, సగం మందికి ఇంకొకటి వేస్తే చాలదా?

చాలదు, ఎందుకంటే రెండు సగాల మధ్య తేడా పద్ధతి వల్ల వచ్చిందా, పిల్లల వల్ల వచ్చిందా అన్నది తెలియదు. ఒకే బిడ్డకు ఒక చేతికి ఒక పరీక్ష, రెండో చేతికి రెండోది ఒకే రోజున వేయాలి. ఏ చేతికి ఏది అన్నది చీటీ తీసి నిర్ణయించాలి. చదివేవారికి ఆ సంగతి తెలియకూడదు, ఒక చేతి అంకె చూసి రెండో చేతి అంకె రాయకూడదు. బీసీజీ మచ్చ ఉన్నవారినీ లేనివారినీ విడివిడిగా లెక్కించాలి. ఒక పరీక్ష జరిగిన కొన్ని వారాల తర్వాత రెండోది వేయడం కూడా పనికిరాదు. మొదటి సూది మరచిపోయిన స్పందనను గుర్తుచేసి, రెండో ఫలితాన్ని పెద్దది చేయవచ్చు. వీటన్నిటికంటే ముందు తల్లిదండ్రుల లిఖిత అంగీకారం, నైతిక సంఘం అనుమతి ఉండాలి. ఆ అంగీకార పత్రం బెంగళూరు బడిలో కన్నడ, ఆంగ్లాలతో పాటు తెలుగులో కూడా ఉండాలి. వేలిముద్ర వేసే తల్లి ఉంటే దాన్ని ఆమెకు చదివి వినిపించి, రెండు చేతులకూ సూదులు ఎందుకో ఆమె తన మాటల్లో తిరిగి చెప్పిన తర్వాతే ముద్ర తీసుకోవాలి.